బ్రిటన్‌లో స్పాన్సర్‌షిప్: మా మేనేజర్ ముందు పెట్టిన ఒక్క పేజీ లెక్క

"అక్కా, స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీల లిస్ట్ ఏమైనా ఉంటే పంపవా?" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. ఎక్కువగా ఖమ్మం, వరంగల్, విజయవాడ వైపు నుంచి బ్రిటన్‌కు మాస్టర్స్ చేయడానికి వచ్చిన పిల్లలే. స్పాన్సర్‌షిప్ అంటే మనకు ఉద్యోగమిచ్చి, దాని మీద వర్క్ వీసా వచ్చేలా కంపెనీ బాధ్యత తీసుకోవడం. ఆ లిస్ట్ బ్రిటన్ ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో పెట్టింది. అందులో లక్షకు పైగా సంస్థల పేర్లున్నాయి, ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అది చేతిలో ఉండి కూడా ఉద్యోగం దొరక్క తిరిగి వెళ్లిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. నేను కూడా అక్కడిదాకా వెళ్లి ఆగినదాన్నే.

నేను సివిల్ ఇంజనీర్‌ని. 2023 జనవరిలో లీడ్స్‌కు వచ్చి వాటర్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశాను. ఇప్పుడు పక్కనే ఉన్న వేక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో డ్రైనేజీ డిజైన్ పని చేస్తున్నాను. కన్సల్టెన్సీ అంటే మనవాళ్లకు వేరే అర్థం గుర్తొస్తుంది గానీ, ఇది నిజంగా డిజైన్లు గీసే ఆఫీసు. మొత్తం నలభై మందిమి. నేను చేరేనాటికి ఆ కంపెనీకి స్పాన్సర్ లైసెన్సే లేదు, లిస్ట్‌లో పేరే లేదు. అయినా నాకు స్పాన్సర్‌షిప్ మీద ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా వచ్చింది. ఎలాగో చెప్తాను, ఎక్కడ తప్పు చేశానో కూడా చెప్తాను.

ఒక్క మాట ముందే అనుకుందాం. స్పాన్సర్‌షిప్ అనగానే వెనక్కి తగ్గే మేనేజర్లలో చాలామందికి దానికి ఎంత ఖర్చవుతుందో, ఎంత పని ఉంటుందో తెలియదు. ఏ పది పదిహేను వేల పౌండ్లో అవుతుందనుకుంటారు. ఆ లెక్క మనమే నేర్చుకుని వాళ్ల ముందు పెట్టాలి.

చవకైన రోజులు స్టూడెంట్ వీసా రోజులే

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. "ముందు చదువు అవనీ, తర్వాత గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఉంది కదా, అప్పుడు చూసుకుందాం" అనుకున్నాను. మన పిల్లల్లో నూటికి తొంభై మంది ఇలాగే అనుకుంటారు.

గ్రాడ్యుయేట్ వీసా మంచిదే. ఎవరి స్పాన్సర్‌షిప్ లేకుండా దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అయితే అది ఒక్కసారే ఇస్తారు, పొడిగించరు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే బ్యాచిలర్స్, మాస్టర్స్ వాళ్లకు రెండేళ్లు కూడా ఉండదు, పద్దెనిమిది నెలలే. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం మూడేళ్లు. పైగా ఉద్యోగ వీసా మీద శాశ్వత నివాసానికి లెక్కపెట్టే ఏళ్లలో ఈ గ్రాడ్యుయేట్ వీసా కాలం కలవదు.

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. విదేశీ ఉద్యోగిని తీసుకున్నప్పుడు కంపెనీ ప్రభుత్వానికి ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ అని కట్టాలి. 2025 డిసెంబర్ 16 నుంచి పెద్ద కంపెనీకి ఇది ఏడాదికి 1,320 పౌండ్లు, చిన్న కంపెనీకి 480. మూడేళ్ల స్పాన్సర్‌షిప్ ఇస్తే పెద్ద కంపెనీ దీనికే 3,960 పౌండ్లు కట్టాలి. కానీ మీరు బ్రిటన్‌లోనే ఉండి, స్టూడెంట్ వీసా నుంచి నేరుగా స్కిల్డ్ వర్కర్ వీసాకు మారితే ఈ ఛార్జ్ కట్టక్కర్లేదు. మధ్యలో గ్రాడ్యుయేట్ వీసా తీసుకున్నారంటే ఆ మినహాయింపు పోయినట్టే. హెచ్‌ఆర్‌లో కూర్చున్న చాలామందికి కూడా ఈ తేడా తెలియదు. మీరే చెప్పాలి.

కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం మొదలయ్యేలా తేదీ ఉంటే, ఆ తేదీకి మూడు నెలల ముందు నుంచే వీసాకు అప్లై చేయొచ్చు. అందుకే సెప్టెంబర్‌లో దిగినవాళ్లు మొదటి నెలలోనే అప్లికేషన్లు మొదలుపెట్టాలి. పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ స్కీములు, అంటే కొత్తగా చదువు ముగించినవాళ్లను తీసుకునే కార్యక్రమాలు, తర్వాతి ఏడాది ఉద్యోగాల కోసం సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే తెరుచుకుంటాయి. కొన్ని నిండగానే మూసేస్తారు. నేను జనవరిలో దిగాను. అప్పటికే సగం మూతపడ్డాయి. మిగతా సగం ఉన్నాయని తెలుసుకునేలోపు వేసవి వచ్చేసింది. ఆ రోజుల్లో నా ధ్యాసంతా వేర్‌హౌస్‌లో వారానికి ఇరవై గంటల షిఫ్టుల మీదే ఉండేది. ఇంటి దగ్గర నాన్న పద్దెనిమిది లక్షల లోన్ తీసుకున్నారు, ఆ టెన్షన్ అలాంటిది. మాస్టర్స్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: వేసవిలో డిసర్టేషన్ రాస్తున్న నెలలు సెలవుల కిందికి రావు, అప్పుడు కూడా ఇరవై గంటల పరిమితి ఉంటుంది. "సమ్మర్ కదా, ఫుల్ టైమ్ చేసుకోవచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకండి, యూనివర్సిటీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ముందు మీ కోడ్, తర్వాత జీతం

ప్రతి ఉద్యోగానికీ ప్రభుత్వం నాలుగంకెల కోడ్ ఇస్తుంది. సివిల్ ఇంజనీర్‌కు 2121, సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కు 2134, ఇలా. 2025 జులై 22 నుంచి నియమం కఠినమైంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే కొత్తగా స్పాన్సర్‌షిప్ ఇస్తారు. షాప్ సూపర్‌వైజర్ అనో, ఆఫీస్ అసిస్టెంట్ అనో పేరు పెట్టి ఇప్పిస్తామనేవాళ్ల మాట అక్కడే వదిలేయండి.

కోడ్ తెలిశాక జీతం చూడాలి. సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్లు ఉండాలి. ఈ అంకె చూసి చాలామంది గుండెలు జారిపోతాయి. కానీ ఇక్కడ చదివి, స్టూడెంట్ లేదా గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవాళ్లు, అలాగే 26 ఏళ్లు నిండనివాళ్లు 'న్యూ ఎంట్రంట్' కిందికి వస్తారు. వాళ్లకు కనీస జీతం 33,400. దీంతోపాటు మీ కోడ్‌కు ప్రభుత్వం రాసిపెట్టిన గోయింగ్ రేట్‌లో 70 శాతం ఎంతో చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. గోయింగ్ రేట్ 50,000 అనుకుంటే 70 శాతం 35,000, కాబట్టి 35,000 కావాలి. 45,000 అయితే 70 శాతం 31,500 మాత్రమే, అప్పుడు 33,400 కావాలి. గోయింగ్ రేట్‌ను వారానికి 37.5 గంటల పనికి లెక్కేస్తారు. మీ కాంట్రాక్టులో 40 గంటలుంటే రేటు ఆ మేరకు పెరుగుతుంది. ఈ చిన్న తేడాతో అప్లికేషన్ దెబ్బతిన్న అబ్బాయి మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. బోనస్, ఓవర్‌టైమ్ లాంటివి కలపకూడదు, ఖాయంగా వచ్చే జీతమే చూస్తారు.

న్యూ ఎంట్రంట్ సౌకర్యానికి నాలుగేళ్ల హద్దు ఉంది. అందులో గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలం కూడా కలుస్తుంది. నాకు స్పాన్సర్‌షిప్ వచ్చేనాటికి పంతొమ్మిది నెలలు వాడేసుకున్నాను. అందుకే నాకు రెండేళ్లకే ఇచ్చారు. మొదట్లోనే మారి ఉంటే ఇంకొంత ఊపిరి తీసుకునే సమయం ఉండేది.

లిస్ట్‌ను ఎలా వాడాలి

ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్ల రిజిస్టర్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే అయిదు గడులుంటాయి: సంస్థ పేరు, ఊరు, కౌంటీ, రేటింగ్, వీసా రకం. ఏ వ్యాపారం చేస్తారో, ఎంతమంది ఉన్నారో అందులో ఉండదు. రోడ్డు చివరి రెస్టారెంటూ, పేరున్న ఇంజనీరింగ్ కంపెనీ పక్కపక్క వరసల్లో ఉంటాయి.

నేను ముందు స్కిల్డ్ వర్కర్ అన్న వరసలే ఉంచి మిగతావి తీసేశాను. తర్వాత ఊరు. రైల్లో గంటలో వెళ్లగలిగేవి చూశాను: లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్, యార్క్, షెఫీల్డ్. ఒకే ఊరి పేరును ఒక్కొక్కళ్లు ఒక్కోలా రాస్తారు కాబట్టి ఫిల్టర్‌లో అన్ని రకాలూ టిక్ చేయాలి. ఆ తర్వాతే అసలు పని. కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రతి కంపెనీ వ్యాపార కోడ్, ఖాతాలు ఉచితంగా చూడొచ్చు. ఇంజనీరింగ్ డిజైన్ కంపెనీలకు 71121, 71122, 71129 లాంటి కోడ్‌లుంటాయి. అక్కడ ఆ కోడ్‌లతో వెతికి, వచ్చిన పేర్లను రిజిస్టర్‌లో సరిచూసుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది. చివరికి 64 పేర్లు మిగిలాయి. లక్షకు పైగా ఉన్నవి అరవై నాలుగయ్యాక మనసు కుదుటపడింది, ఎందుకంటే అరవై నాలుగు కంపెనీల గురించి చదవడం ఒక మనిషి చేయగల పని. రిజిస్టర్‌లో ఉండేది కంపెనీ చట్టబద్ధమైన పేరు. బయట బోర్డు మీద వేరే పేరుండొచ్చు. దొరకలేదని వెంటనే కొట్టేయకండి.

మీ రంగంలో డబ్బు ఎటు పారుతుందో కూడా చూడండి. నా విషయంలో అది కలిసొచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ నీటి కంపెనీలకు 2025 నుంచి 2030 దాకా 104 బిలియన్ పౌండ్ల ఖర్చుకు నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 2024 డిసెంబర్‌లో ఒప్పుకుంది. డ్రైనేజీ, మురుగునీటి పనులు తెలిసినవాళ్లు కావాలని అప్పటి నుంచే ప్రకటనలు పెరగడం నా కళ్లారా చూశాను. అప్పటిదాకా 'సివిల్ ఇంజనీర్' అని వెతికేదాన్ని, తర్వాత 'డ్రైనేజ్ ఇంజనీర్', 'ఫ్లడ్ రిస్క్' అని వెతకడం మొదలుపెట్టాను.

సీవీ గురించి ఎక్కువ చెప్పను. ఫోటో, పుట్టినతేదీ, నాన్న పేరు, పెళ్లి వివరం, చివర్లో "ఐ హియర్‌బై డిక్లేర్" అన్న వాక్యం, ఇవన్నీ తీసేయండి. రెండు పేజీలు దాటనివ్వకండి. పైన ఒక్క లైన్‌లో వీసా సంగతి రాయండి: ఇప్పుడు పనిచేసే హక్కు ఫలానా తేదీ దాకా ఉంది, ఆ తర్వాత న్యూ ఎంట్రంట్ కింద స్పాన్సర్‌షిప్‌కు అర్హత ఉంది అని. అప్లికేషన్‌లో "ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అని అడిగితే నిజమే చెప్పండి. లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టడం గురించి కూడా అంతే. వీసా ఆఫీసులో మోసం చేశారని తేలితే పదేళ్ల నిషేధం దాకా పడొచ్చు.

నాకు ఉద్యోగం వచ్చింది మాత్రం ఆన్‌లైన్ ఫారంలో కాదు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్‌లో విద్యార్థి సభ్యత్వం ఉచితం, అందులో చేరాను. వాళ్లు సాయంత్రం పూట ఉపన్యాసాలు పెడతారు. ఒకసారి వాన నీటి మీద జరిగిన ఉపన్యాసం తర్వాత నా పక్క కుర్చీలో కూర్చున్నాయన ఏం చదివావని అడిగారు. ఇక్కడి డ్రైనేజీ డిజైనర్లందరూ పక్కన పెట్టుకునే సీ753 అనే మాన్యువల్ ఉంది. దాన్నిబట్టి ఒక చిన్న కాలనీకి నేను సొంతంగా గీసుకున్న డిజైన్ ఫోన్‌లో ఉంటే చూపించాను. ఆయన వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఈ పైపు వాలు ఇంత తక్కువ పెట్టావేంటి?" అన్నారు. నేల చదునుగా ఉంది, ఇంకా వాలు పెడితే చివరి మ్యాన్‌హోల్ మరీ లోతుకు పోతుందని చెప్పాను. రెండు వారాల తర్వాత ఆయన ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది.

ఆ ఇంటర్వ్యూలో "డ్రైనేజీయే ఎందుకు?" అని అడిగారు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ఒడ్డున ఉన్న మా పిన్ని ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. నేను లీడ్స్‌లో గదిలో కూర్చుని వీడియో కాల్‌లో చూస్తున్నాను. పిన్ని బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మేడ మెట్లెక్కుతోంది. అదే చెప్పాను. 2025 ఫిబ్రవరిలో 31,500 జీతంతో చేరాను.

ఆ ఒక్క పేజీ

చేరిన ఆరు నెలల దాకా స్పాన్సర్‌షిప్ మాట ఎత్తలేదు, గ్రాడ్యుయేట్ వీసా ఉంది కాబట్టి. పని నేర్చుకున్నాను. నా డ్రాయింగులు తప్పుల్లేకుండా వెనక్కి రావడం మొదలయ్యాక, ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం మా మేనేజర్‌ను అరగంట అడిగాను. వీసా గడువు ఎనిమిది నెలలుంది. ఇంతకంటే ఆలస్యం చేయకండి, లైసెన్స్ లేని కంపెనీకి టైమ్ పడుతుంది.

ఒకే పేజీ ప్రింట్ తీసుకెళ్లాను. అందులో ఉన్నది ఇంతే. స్పాన్సర్ లైసెన్స్ చిన్న కంపెనీకి 574 పౌండ్లు, 2024 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త నియమం ప్రకారం మళ్లీ మళ్లీ రెన్యూవల్ ఫీజు లేదు. నాకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్, మనం సీఓఎస్ అంటామే, దానికి 525. స్కిల్స్ ఛార్జ్ అప్పటి రేటు ప్రకారం చిన్న కంపెనీకి ఏడాదికి 364, రెండేళ్లకు 728. మొత్తం 1,827 పౌండ్లు. వీసా ఫీజు 885, ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్లకు 2,070, ఇవి నేనే కట్టుకుంటాను. జీతం కనీసం 33,400 ఉండాలి. లైసెన్స్‌కు మామూలుగా ఎనిమిది వారాల లోపు జవాబు వస్తుంది. కంపెనీలో బాధ్యత గల ఒకరి పేరు ఇవ్వాలి, నేను పనికి రాకపోయినా, జీతం మారినా ప్రభుత్వానికి తెలియజేయాలి.

ఆయన టీ కప్పు పక్కకు జరిపి, పెన్ను తీసుకుని 1,827 కింద గీత గీశారు. "ఇది ఏడాదికా?" అని అడిగారు. మొత్తం ఇంతే అని చెప్పాను. "నేను దీనికి పది రెట్లు అనుకున్నాను" అన్నారు. నీ బదులు కొత్తవాళ్లను వెతికిపెట్టినందుకు రిక్రూట్‌మెంట్ ఏజెన్సీకి ఇచ్చేదే ఇంతకంటే ఎక్కువ అని ఆయనే అన్నారు. వారంలో డైరెక్టర్లు ఒప్పుకున్నారు. జీతం 34,500 చేశారు. అక్టోబర్‌లో లైసెన్స్, నవంబర్‌లో సీఓఎస్ వచ్చాయి.

మీరు ఇదే పేజీ తయారు చేసుకునేటప్పుడు నా అంకెలు దించేయకండి. 2025 డిసెంబర్‌లో స్కిల్స్ ఛార్జ్ పెరిగాక ఇదే లెక్క 2,059 అయింది. ఫీజులు తరచుగా ఏప్రిల్‌లో మారుస్తుంటారు. ఇచ్చే రోజున ప్రభుత్వ పేజీ తెరిచి ప్రతి అంకె సరిచూసి, కింద తేదీ వేయండి.

డబ్బు అడిగేవాళ్లు

నాతో ఇల్లు పంచుకున్న ఒకమ్మాయి ఒక ఏజెంటుకు తొమ్మిది వేల పౌండ్లు ఇచ్చి సీఓఎస్ తెచ్చుకుంది. ఊళ్లో అర ఎకరం అమ్మిన డబ్బు. ఉద్యోగం ఉంది అన్నారు, చేరాక పని లేదు, జీతం తనే కట్టి తన అకౌంట్‌కే తిరిగి వేయించుకోమన్నారు. ఏడు నెలలకు ఆ సంస్థ లైసెన్స్ రద్దయింది. అరవై రోజుల్లో వేరే స్పాన్సర్‌ను చూసుకోండి, లేదంటే దేశం వదలండి అని తనకు ఉత్తరం వచ్చింది. ఆ రాత్రి వంటింట్లో ఆ ఉత్తరాన్ని నాకిచ్చి మూడుసార్లు చదివించుకుంది, ఎక్కడైనా వేరే అర్థం ఉంటుందేమోనని. లేదు.

స్కిల్స్ ఛార్జ్‌ను ఉద్యోగి చేత కట్టించడం నేరుగా నిషేధం. 2024 డిసెంబర్ 31 నుంచి సీఓఎస్ ఫీజు, లైసెన్స్ ఖర్చు కూడా ఉద్యోగి మీద వేయకూడదు. కాబట్టి వాట్సాప్ గ్రూపులో "సీఓఎస్ అవైలబుల్" అని కనిపిస్తే, అడిగేది పదిహేను లక్షలైనా అయిదు లక్షలైనా ఒకటే. దయచేసి ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి, ఎందుకంటే ఏజెంట్లు ముందు ఫోన్ చేసేది మన అమ్మానాన్నలకే.

సీఓఎస్ చేతికొచ్చాక

సీఓఎస్ అంటే కాగితం ఏమీ ఉండదు, ఒక నంబర్. అందులో ఉద్యోగ కోడ్, జీతం, పని గంటలు, మొదలయ్యే తేదీ ఉన్న వివరాల ప్రతి అడిగి తీసుకుని, కాంట్రాక్టుతో అక్షరం అక్షరం పోల్చండి. నాది చూస్తే పని గంటలు 40 అని పడ్డాయి, కాంట్రాక్టులో 37.5. అప్లై చేయకముందే చూశాం కాబట్టి మా ఆఫీసు సరిచేసింది. సీఓఎస్ ఇచ్చిన మూడు నెలల్లోపు, ఉన్న వీసా గడువు తీరకముందే అప్లై చేయాలి. ఇక్కడ చదివిన డిగ్రీ ఉంటే ఇంగ్లిష్ పరీక్ష అక్కర్లేదు.

బ్రిటన్ లోపల నుంచి అప్లై చేస్తే మామూలుగా ఎనిమిది వారాల దాకా పడుతుంది. నిర్ణయం వచ్చేదాకా ఇండియాకు రాకండి. బ్రిటన్, ఐర్లండ్ పరిధి దాటి బయటికి వెళ్తే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్కేస్తారు. డిసెంబర్‌లో మా తమ్ముడి పెళ్లికి నేను వెళ్లలేదు. తలంబ్రాలప్పుడు పిన్ని ఫోన్ పట్టుకుని నిలబడింది. ఇక్కడ తెల్లవారుజాము అయిదు, బయట ఇంకా చీకటి. జనవరి 9న మెయిల్ వచ్చింది. మొదట ఆన్‌లైన్‌లో ఈ-వీసా తెరిచి పేరు, గడువు తేదీ సరిగా ఉన్నాయో లేదో చూశాను, తర్వాత ఆఫీసువాళ్లు నా వీసాను ఆన్‌లైన్‌లో సరిచూసుకునే షేర్ కోడ్ తీసి పంపాను, ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేశాను.